పెడళ్లు లేని విమానం

విమానం నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు శిష్యుడి చేతులకన్నా కాళ్లనే ఎక్కువగా కనిపెట్టి చూస్తారు. చేత్తో రెక్కను వంచుతూ, కాలితో తోక చుక్కాని పెడల్‌ని ఎంత నొక్కాలో తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడ్ వీక్ 1930లలో ఆ పెడళ్లనే తీసేశాడు. ఆయన రూపొందించిన ఎర్కూప్ రెండు సీట్ల బుల్లి విమానం. స్టీరింగ్ తిప్పితే రెక్కను వంచే ఐలరాన్లూ, జంట తోకల చుక్కానులూ, నేలమీద ఉన్నప్పుడు ముందు చక్రమూ అన్నీ కలిసే కదులుతాయి. కాలి కింద మిగిలింది ఒక్క బ్రేకు.

ఇది సరదాకి చేసిన పని కాదు. దిగబోతూ రన్‌వే వైపు ఆఖరి మలుపు తిరిగేటప్పుడు వేగం తగ్గిపోయి, చుక్కాని అతిగా నొక్కితే విమానం గింగిరాలు తిరిగి కూలుతుంది. అంత తక్కువ ఎత్తులో సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. అందుకే వీక్, ముక్కును పైకీ కిందికీ కదిపే తోక పలక ఎలివేటర్ పైకి లేచే మేరను కూడా కుదించాడు. స్టీరింగ్‌ని ఎంత లాగినా గింగిరం పట్టేంతగా ముక్కు పైకి లేవదు. ఇది స్వభావరీత్యా గింగిరాలు తిరగలేనిదని 1940లో ప్రభుత్వమే ధ్రువీకరించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మేసీస్ లాంటి డిపార్ట్‌మెంట్ స్టోర్లలో కూడా పెట్టి అమ్మారు.

మరి నేర్చుకోవడం సులువేనా? పక్కగాలి కొట్టే రోజున దిగి చూడాలి. మామూలు విమానంలో గాలివైపు తిరిగి ఉన్న ముక్కును నేల తాకే ముందు చుక్కానితో తిన్నగా చేస్తారు. ఎర్కూప్‌లో ఆ వీలు లేదు. ముక్కు ఏటవాలుగా ఉండగానే వెనక చక్రాలు నేలను తాకాలి. తాకగానే బండి తనంతట తానే రన్‌వే దారిలోకి తిరుగుతుంది. ఆ క్షణంలో స్టీరింగ్‌ని బిగబట్టకుండా ఉండటమే శిష్యుడి పని. భయపడ్డ చేతికి అది చెప్పినంత తేలిక కాదు.

ఎత్తు ఎక్కువైతే పక్కకి జారి దిగే వీలూ లేదు, ఫ్లాపులూ లేవు. వేగం తగ్గిస్తే బాగా ఏటవాలుగా కిందికి దిగుతుంది. కానీ నేల దగ్గరపడే లోపే ముక్కు దించి వేగం పుంజుకోవాలి. గింగిరాలు తిరగదన్నారు గానీ, నేలను గుద్దుకోదని ఎవరూ అనలేదు!

అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి మామూలుగా కనీసం 40 గంటలు ఎగరాలి, అందులో 10 గంటలు ఒంటరిగా. ఎర్కూప్‌లో పరీక్ష ఇస్తే, ఆ తరహా విమానానికే పరిమితమని లైసెన్సు మీద రాస్తారు. ఆ షరతు న్యాయమైనదే. కాళ్లకు రాని విద్య వచ్చిందని కార్డు మీద రాయకూడదు కదా!

పాతకాలపు పైలట్లు కొందరు దీన్ని చిన్నచూపు చూశారు. కానీ పుట్టుకతోనే చేతుల్లేని జెస్సికా కాక్స్, ఒక పాదంతో స్టీరింగ్, మరో పాదంతో థ్రాటిల్ పట్టుకుని 2008లో స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ సంపాదించింది ఎర్కూప్‌లోనే. పెడళ్లుంటే ఆ కాళ్లకు తీరిక దొరికేది కాదు.

ఉద్యోగానికి నేర్చుకునేవారు పెడళ్లున్న విమానంతోనే మొదలుపెట్టండి. ఆదివారం సరదాగా ఎగరాలనుకుంటే మాత్రం ఎర్కూప్‌ని తక్కువ చేసి మాట్లాడకండి.