వినిపించని అర్పా

నరేంద్రదేవ్ వర్మ రచించిన ‘అర్పా పైరీ కే ధార్’ గీతాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో రాష్ట్రగీతంగా స్వీకరించింది. అందులో తొలి పేరు పొందిన నది బిలాస్‌పూర్‌ను ఒరుసుకొని పారుతుంది. పారుతుందనడం వర్షకాలానికే చెల్లుతుంది. వేసవిలో మిగిలేది ఇసుకపర్ర. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హౌరా మార్గపు వంతెనపై బండిమోత నిత్యపరిచితమే. కింది నీటి చప్పుడు మాత్రం కొద్ది నెలల చుట్టం.

వర్మ పుట్టిన 1939లోనే న్యూజిలాండ్‌లో పుట్టిన ఆనియా లాక్‌వుడ్ నదిని మరో మార్గాన సమీపించారు. 1982లో ఆమె కూర్చిన హడ్సన్ నది శబ్దపటంలో వాద్యం లేదు, గానం లేదు. అడిరాండాక్ కొండల్లోని జన్మస్థానం మొదలు సముద్రసంగమం వరకు 15 చోట్ల నీరు పలికిన పలుకే కృతి. తరువాతి డాన్యూబ్ శబ్దపటంలో (2005) తీరవాసుల మాటలు కూడా వారి వారి భాషల్లోనే చేరాయి. ఒక్కటిగా తోచే నదికి గులకరాళ్లపై ఒక గొంతు, మట్టిగట్ల నడుమ మరొక గొంతు. నీటిలో చిక్కిన గాలిబుడగల కంపనమే ఆ చప్పుడుకు చాలవరకు మూలం. వాలు, రాయి, ఒరవడి లేనిచోట ఆ పలుకు ఉండదు.

వర్మ గీతంలో తల్లి పలుకుకు గోరువంక ఉపమానమైంది. నదులకు తల్లి పాదాలు కడిగే సేవ దక్కింది కాని, పలుకు దక్కలేదు. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ గీతంలో గోదావరి ధ్వన్యనుకరణంతోనే ప్రవేశిస్తుంది. స్తోత్రానికి చూపు ప్రధానం కనుక వర్మ గీతానికి దీనిని దోషంగా ఎంచనక్కరలేదు. చిక్కు, ఆ చూపే నదీ పాలనకూ కొలమానమైనప్పుడు.

శబ్దపటానికీ లోటుంది. ఇసుక ఎవరు తవ్వుకుపోయారో అది చెప్పలేదు. అర్పా ఇసుక తవ్వకాల వ్యవహారం ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ముందుకు వచ్చినదే; అది న్యాయభాషలో తేలవలసినది. అయితే శివఘాట్, పచరీఘాట్‌ల వద్ద బ్యారేజీలు కట్టి పట్టణంలో ఏడాది పొడవునా నీరు నిలపాలన్న పథకాన్ని పరీక్షించడానికి కంటికంటె చెవి మెరుగైన సాక్షి. నిండుగా నిలిచిన నీరు కంటికి నదివలెనే ఉంటుంది. చెవికి అది చెరువే.

పెండ్రా ప్రాంతపు జన్మస్థానం నుండి శివనాథ్‌లో కలిసే దాకా అర్పాకు ఒక శబ్దపటం తయారైతే, బిలాస్‌పూర్ భాగంలో వేసవిన వినిపించేది రైళ్లు, లారీల చప్పుడే కావచ్చు. శ్రావ్యత కోసం ఆ భాగాన్ని తొలగించే కూర్పరి నదికి అన్యాయమే చేస్తాడు.