ముద్రణ కన్నా ఆరబెట్టడమే అసలు పని

జపాన్‌లోని ఫుజిసావాలో 2023లో ఒక నమూనా ఇంటి బాల్కనీకి పానసోనిక్ సంస్థ అద్దాలు బిగించింది. ఒకచోట ముదురుగా, ఇంకోచోట తేటగా కనిపించే ఆ అద్దాలు ఎండతో కరెంటు పుట్టిస్తాయి. వాటి లోపలి పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థపు పొరను ఇంక్‌జెట్ పద్ధతిలో ముద్రించారు.

ఇక్కడ ఇంకు అంటే సీసం, అయోడిన్ కలిసిన లవణం, దానికి తోడు ఒక సేంద్రియ లవణం, రెంటినీ కరిగించిన ద్రావకం. మామూలు సోలార్ పలకల్లో వాడే సిలికాన్‌ను కరిగించాలంటే 1,414 డిగ్రీల వేడి కావాలి. ఈ పొర గట్టిపడటానికి దాదాపు 100 డిగ్రీలు చాలు. మందం ఒక మైక్రాన్‌కు కాస్త అటూ ఇటూ.

ప్రింటర్ నాజిల్ వెనుక చిన్న పీజో పలక ఉంటుంది. విద్యుత్ తగలగానే అది వంగి, కొన్ని పికోలీటర్ల చుక్కను బయటికి తోస్తుంది. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లో వంతు! ఇంకు చిక్కనైతే నాజిల్ మూసుకుపోతుంది, పలచనైతే చుక్క వెంట పిల్ల చుక్కలు రాలతాయి. అయినా ఇంతవరకూ యంత్రం చూసుకునే పనే.

నేర్పంతా ఆ తర్వాతే. టేబుల్ మీద ఒలికిన కాఫీ ఎండితే అంచున ముదురు గీత మిగులుతుంది కదా, ఇంకును దానంతట దాన్ని ఆరనిస్తే ఇక్కడా అదే గతి. స్ఫటికాలు ఎక్కడో నాలుగు చోట్ల మొదలై ఇష్టమొచ్చినట్టు పెరుగుతాయి, నడుమ కంతలు మిగులుతాయి. ఆ కంతల్లో పై పొరా కింది పొరా తగిలితే అక్కడ షార్టే. అందుకే తడి పలకను వెంటనే శూన్య గదిలోకి తోస్తారు. ద్రావకం ఒక్కసారిగా ఎగిరిపోతుంది, పలక అంతటా ఒకేసారి స్ఫటిక బీజాలు పుడతాయి. ఆపైన సన్నటి వేడి. పసుపు పూత ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. జర్మనీలోని కార్ల్‌స్రూహె పరిశోధకులు 2020లో ఈ దారిలోనే నిలువు స్తంభాల్లాంటి స్ఫటికాలు పెంచి, చిన్న సెల్‌లో 20 శాతం సామర్థ్యం దాటించారు.

2009లో జపాన్ శాస్త్రవేత్త మియాసకా బృందం మొదటి పెరోవ్‌స్కైట్ సెల్ ఇచ్చింది 3.8 శాతమే. ఆ తర్వాత అది పెరిగింది గానీ, ల్యాబులో గిర్రున తిప్పి పూసే పద్ధతిలో ద్రావణం చాలావరకు చిమ్మి వృథా అవుతుంది. ముద్రణలో కావాల్సినచోటే చుక్క పడుతుంది, పెద్ద పలకకూ పనికొస్తుంది. 802 చదరపు సెంటీమీటర్ల మాడ్యూల్‌పై పానసోనిక్ 2020లో 16.09 శాతం సాధించింది. నన్నడిగితే గోరంత సెల్ రికార్డుల కన్నా ఇదే గొప్ప.

అయితే ఈ పెరోవ్‌స్కైట్‌లో సీసం ఉంది, తేమ తగిలితే పొర చెడుతుంది. పనితనానికైతే పూర్తి మార్కులు వేస్తాను. ఇంటి కప్పు మీదికి మాత్రం, ఇరవై అయిదేళ్ల హామీతో వచ్చే సిలికాన్ పలకలే ఇప్పటికి నమ్మకం.