సుద్దముక్క ఎవరి చేతికి?

2017లో దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదిక వచ్చాక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు కనిపించసాగాయి. మా ఊరి లెక్కల మాస్టారికి అప్పట్లో ఒకటే ధ్యేయం: కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియో ఆగకుండా ఆడాలి. కరెంటు ఉంటే అదే పదివేలు!

ఇప్పుడాయన వీడియోలు బాగా తగ్గించేశారు. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీసి, ఒక శీర్షాన్ని పట్టుకుని లాగమని పిల్లల్నే పిలుస్తారు. కోణాలు పెరుగుతాయి, తరుగుతాయి. మొత్తం మాత్రం 180 డిగ్రీలే. "అది మారట్లేదేం?" అని అడిగి ఊరుకుంటారు. జవాబు చెప్పరు. అలా ఊరుకోవడం ఏ తెరకూ చేతకాదు. ఆయన పనితనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. కాసేపటికి వెనక బెంచీలోంచి ఎవరో లేచి, శీర్షం మీదుగా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీస్తానంటారు. మాస్టారు తెర ఆపేసి, సుద్దముక్క అందిస్తారు.