నిన్నెంతుండె?

ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న, మా ఊళ్లోని జోడ్‌భావి పేట్ వాళ్లు నన్ను చూడగానే లేచి అడిగేది ఒకటే: "డాక్టర్ సాబ్, ఇన్ఫెక్షన్ తక్కువైందా?" రిపోర్టు అప్పటికే ఇంటివాళ్ల వాట్సాప్‌లో తిరిగేసి ఉంటుంది.

మొన్నటి పేషెంటు బీడీలు చుట్టే తల్లి. షుగరుంది, మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తానికి పాకింది. ఇన్ఫెక్షన్ జోరు చెప్పే రక్తపరీక్ష, ప్రోకాల్సిటోనిన్, 6.8. మామూలుగా 0.1 దాటదు. మర్నాటికి 9.1. పవర్‌లూమ్ నడిపే కొడుకు కంగారుపడ్డాడు: "మందు పనిచేస్తలేదా సాబ్?" నేను చూస్తున్నది మూత్రం సంచీని. రాత్రి ఖాళీగా ఉన్నది నిండుతోంది. బీపీ నిలబెట్టే మందు సగానికి దించాం.

"నూలు కొనేటప్పుడు ఇయ్యాల్టి రేటొక్కటే చూస్తవా?"

"లేదు సాబ్, నిన్నెంతుండె అని అడుగుత."

ప్రోకాల్సిటోనిన్ కూడా అంతే. బాక్టీరియా విజృంభిస్తే రక్తంలో ఈ పదార్థం బాగా పెరుగుతుందని 1993లో ఫ్రెంచ్ పరిశోధకులు చూపించారు. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, ఒక రోజు దాకా ఎక్కుతూనే ఉండొచ్చు. రోగం అదుపులోకొస్తే రోజుకు సుమారు సగం చొప్పున దిగుతుంది. పెద్ద ఆపరేషన్లు, కాలిన గాయాలు, కిడ్నీ జబ్బు కూడా దీన్ని పెంచుతాయి. అందుకే యాంటీబయోటిక్ మొదలుపెట్టడానికి ఈ అంకె కోసం ఆగను. 2021 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలదీ అదే మాట. బీపీ పడిపోతుంటే ముందు క్రిమిని పట్టుకునే కల్చర్ సీసాల్లోకి రక్తం తీసి, వెంటనే మందు ఎక్కించడమే. కల్చర్ జవాబుకు రెండు మూడు రోజులు పడుతుంది.

అంకె అక్కరకొచ్చేది మందు ఆపేటప్పుడు. శిఖరం నుంచి 80 శాతం దిగినా, 0.5కి చేరినా ఆపడం గురించి ఆలోచించొచ్చని నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షించి చూశారు. 2024లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, 2,760 మందిలో, రోజూ ఈ పరీక్ష చూస్తూ చికిత్స నడిచిన వాళ్లకు యాంటీబయోటిక్ దాదాపు ఒక రోజు తగ్గింది, మరణాలు పెరగలేదు. పాత రక్తపరీక్ష సీఆర్పీతో ఆ లాభం కనబడలేదు.

మా దగ్గర రోజూ రాయలేను. ఒక్క పరీక్షకే మగ్గం మీది కొన్ని రోజుల కూలీ పోతుంది. మొదటి రోజు, మర్నాడు, ఆపాలనుకున్న రోజు: నాకీ మూడు చాలు.

ఆ తల్లికి ఐదో రోజు 1.6. జ్వరం లేదు, కల్చర్‌లో దొరికిన క్రిమికి మందు సరిపోయింది. ఏడో రోజుకు ఆపేద్దామన్నాను. మొదలుపెట్టినప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు. ఇప్పుడు మాత్రం భివండీ నుంచి అల్లుడి ఫోన్: "ఇంకో రెండు దినాలు ఎక్కించరాదా సాబ్?" మూడు రిపోర్టులూ వరుసగా పెట్టి ఫొటో తీసి అతనికి పంపమని కొడుక్కి చెప్పాను.