ఇద్దరూ ముందే

రెండు దేశాల ఒప్పందం చేతికొస్తే షరతులు తర్వాత చదువుకోవచ్చు. ముందు మూలప్రతులు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కటే చూస్తే రసం అందదు. ఒక ప్రతిలో శీర్షిక మొదలు సంతకం దాకా ఒక దేశం ముందుంటుంది. రెండోదానిలోనూ అవే షరతులు, అవే వాక్యాలు. ముందు నిలిచేది మాత్రం రెండో దేశం. ఎవరి పేరు ముందున్న ప్రతిని వారు ఇంటికి తీసుకుపోతారు. ఫ్రెంచివారి మాటనే నిలుపుకొని దౌత్యలోకం దీన్ని అల్తెర్నా అంటుంది. మన పెళ్లిళ్లలో ఎవరు వేయించిన శుభలేఖలో వారి బిడ్డ పేరు ముందు పడుతుందే, ఆ మర్యాదే ఇది. నేనే ముందు అని ఇద్దరూ అంటారు, ఒక్కరూ అబద్ధమాడరు!

ఈ సొగసు విలువ తెలియాలంటే 1661 నాటి లండన్ వీధి చూడాలి. స్వీడన్ రాయబారి వస్తున్నాడు. స్వాగతపు ఊరేగింపులో తమ బండే ముందుండాలని ఫ్రాన్స్, స్పెయిన్ రాయబారుల మనుషులు తలపడ్డారు, ప్రాణాలు పోయాయి. గుర్రాల పట్టీలు తెగ్గొడతారని ఊహించి స్పెయిన్‌వాళ్లు వాటిలో ముందే ఇనుప గొలుసులు వేయించుకున్నారని ఆనాటి లండన్ వాసి శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాశాడు. ఎంత ముందుచూపు, ఎంత వెర్రి! వీధికి రెండో ప్రతి ఉండదు. కాగితానికి ఉంటుంది. ఆ చిన్న సంగతిని పట్టుకున్నవాడెవడో గాని, వాడు కవి.

దేశాలు పెరిగితే చిక్కే. సంతకాల వరసను చీటీలు తేల్చాలని ఐరోపా దేశాలు 1815లో వియన్నా మహాసభలో రాసుకున్నాయి. అక్షరక్రమమూ ఉంది గాని, అది గుమాస్తా పని. పైగా ఎవరి అక్షరాలు? ఐరోపా సమాఖ్య తెలివిగా ఎవరి భాషలో వారి పేరు చూస్తుంది. అలా గ్రీసు ఎల్లాదా అయి ఫ్రాన్స్ కంటే ముందుకొస్తుంది, ఫిన్లండ్ సువోమి అయి చివరివైపుకు జరుగుతుంది.

అరబిక్, హీబ్రూ పుటల్లో చదువు కుడినుంచి మొదలు. 1979లో ఈజిప్టు, ఇజ్రాయెల్ తమ సంధిని ఆ రెండిటితోపాటు ఇంగ్లీషులోనూ రాసుకున్నాయి. భాష మారితే పుటకు తల ఎటో కూడా మారిపోతుంది. ముందు అనేది ఎంత చంచలమైన చోటు!

1954లో పెకింగ్‌లో భారత్, చైనా చేసుకున్న పంచశీల ఒప్పందానికీ రెండు ప్రతులే; హిందీ, చైనీస్, ఇంగ్లీషు పాఠాలు మూడూ సమానమే. ఎనిమిదేళ్ల గడువు 1962లో తీరింది. ఆ ఏడే యుద్ధమూ వచ్చింది. పేర్ల వరస మీద మాత్రం కాదు.