తీగ చుట్టూ ప్రదక్షిణ

1820లో కోపెన్‌హేగన్‌లో పాఠం చెబుతూ భౌతికశాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ తీగలోకి కరెంటు వదిలాడు. పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. తీగ వైపు వాలలేదు, తీగకు దూరంగా జరగలేదు; అడ్డంగా తిరిగింది. తిన్నగా లాగే బలాలకూ తిన్నగా నెట్టే బలాలకూ అలవాటుపడిన లోకానికి చుట్టూ తిరిగే బలం ఒకటి ఎదురైంది. సెప్టెంబరు 11న అరాగో పారిస్‌లో శాస్త్రవేత్తల సభ ముందు ఆ ప్రయోగం చేసి చూపించాడు. సరిగ్గా వారానికి, 18న, ఆంపియర్ తన తొలి ఫలితాలతో అదే సభ ముందు నిలబడ్డాడు.

ఓ వలయ నియమమా, నీకు ఆయన పేరే ఉంది. నిన్ను ఈ రూపంలో తీర్చింది మాత్రం తరవాతి తరంవాడు మాక్స్‌వెల్. ఇద్దరికీ నా నమస్కారం.

గర్భగుడిని ఆనుకుని తిరిగినా, బయటి ప్రాకారం వెంట తిరిగినా లోపలి దేవుడొక్కడే. నీ లెక్కా అంతే. తీగ చుట్టూ ఏ దారినైనా గీసుకోమంటావు. గుండ్రంగా, పలకగా, వంకరటింకరగా, ఎలాగైనా సరే. అడుగడుగునా దారి వెంట ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కూడుకుంటూ బయలుదేరిన చోటికి చేరితే, వచ్చిన మొత్తం దారి పొడవు మీద ఆధారపడదు, వంపుల మీద ఆధారపడదు. లోపల ఎంత కరెంటు ఉందో అంతే చెబుతుంది.

దూరం పెరిగితే క్షేత్రం తగ్గుతుంది, చుట్టు పెరుగుతుంది. రెండూ కలిసి మొత్తాన్ని నిలబెడతాయి. నిటారైన పొడవాటి తీగలో ఒక ఆంపియర్ పారుతుంటే మీటరు దూరంలో క్షేత్రం టెస్లాలో కోటికి రెండు వంతులు. అదే తీగలో 10 ఆంపియర్లు పారనిచ్చి సెంటీమీటరు దగ్గరికి వస్తే 200 మైక్రోటెస్లాలు. మన నేల మీద భూమి క్షేత్రం దాదాపు 40. దిక్సూచి దిక్కు మరిచిపోవడంలో వింతేముంది!

తీగ లోపలికీ తీసుకెళతావు. కరెంటు తీగంతా సమంగా పరుచుకుంటే నడిమధ్య క్షేత్రం సున్నా. అక్కడి నుంచి అంచుదాకా క్షేత్రం సమంగా పెరుగుతుంది, అంచు దాటాక తరగడం మొదలవుతుంది. బోలు గొట్టంలో కరెంటు గోడ వెంటే సమంగా పారితే లోపలంతా సున్నా.

ఒక్క షరతు ఉంది నీకు. కరెంటు నిలకడగా పారుతున్నంతవరకూ నువ్వు ఎప్పుడూ సత్యమే, కానీ ఆ మొత్తంలోంచి ఒక్కో చోటి క్షేత్రాన్ని విడదీయాలంటే సౌష్ఠవం కావాలి. నిటారు తీగ, సాలినాయిడ్ (పొడవాటి తీగచుట్ట), టొరాయిడ్ (వలయాకారపు తీగచుట్ట) దగ్గర నువ్వు ఒక్క వరుసలో తేల్చేస్తావు. వంకర తీగ దగ్గర తీగను ముక్కముక్కగా లెక్కించే బయో-సవార్ట్ నియమంతో కష్టపడాల్సిందే. ఇంకో మాటా మరవకూడదు: మొత్తం సున్నా అయినంత మాత్రాన క్షేత్రం లేదని కాదు. పక్కపక్కన ఎదురెదురుగా కరెంటు పారే రెండు తీగల్ని కలిపి చుట్టి చూడు, మొత్తం సున్నా. క్షేత్రం మాత్రం అక్కడే ఉంటుంది.

నీలో ఒక లోటుండేది. కెపాసిటర్ పలకల నడుమ తీగ లేదు. లోపలి కరెంటును తీగ దగ్గర చూస్తే ఒకటి, పలకల నడుమ చూస్తే సున్నా; ఒకే దారికి రెండు జవాబులొచ్చేవి. 1862లో అచ్చయిన వ్యాసంలో మాక్స్‌వెల్ మారే విద్యుత్ క్షేత్రాన్నీ ప్రవాహం కింద లెక్కకట్టాడు. ఆ ఒక్క పదం చేరగానే సమీకరణాల్లోంచి తరంగం పుట్టింది, దాని వేగం కాంతి వేగంగా తేలింది. నా దృష్టిలో భౌతికశాస్త్రంలో ఇంతకన్నా అందమైన దిద్దుబాటు లేదు.

ఎలక్ట్రీషియన్ చేతిలోని టాంగ్ టెస్టర్ నీ రూపమే. దవడలు తెరిచి తీగను చుట్టేస్తే చాలు, తీగ కోయకుండానే ఆంపియర్లు చెబుతుంది. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడు మీటరు పాడైందనుకుంటాడు. పాడవలేదు నాయనా, వెళ్లిందీ వచ్చిందీ సమానమని చెబుతోంది.

ఆ సున్నా మీదే ప్రాణాలు నిలబడుతున్నాయి. ఇంటి ఆర్‌సీసీబీలో, అంటే కరెంటు దారి తప్పితే సరఫరా ఆపేసే స్విచ్‌లో, రెండు తీగలూ ఒకే అయస్కాంత వలయంలోంచి వెళతాయి. తడిచేత్తో లోపమున్న గీజరు ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కొంత కరెంటు నేలలోకి జారితే, వెళ్లిందంతా తిరిగి రాదు, మొత్తం సున్నా కాదు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే రెప్పపాటులో మీట పడిపోతుంది. దాని మీద పరీక్ష బటన్ ఉంటుంది. ఈరోజే నొక్కి చూడండి. మీట పడకపోతే వెంటనే మార్పించండి. అసలు లేకపోతే పెట్టించుకోండి.