దగ్గరి ధూళి, దూరపు వెలుగు

బ్రయన్ కీటింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 2018లో ‘లూజింగ్ ది నోబెల్ ప్రైజ్’ అనే గ్రంథం వెలువరించారు. పేరు చూసి, బహుమతి చేజారినవాని ఆక్రోశమని పక్కన పెట్టేవారుంటారు. అది పొరపాటు. మన పాఠకులు, ముఖ్యంగా విజ్ఞానాన్నీ దివ్య ఖుర్ఆన్‌నూ కలిపి వ్యాసాలు రాసేవారు, చదవవలసిన గ్రంథమిది.

విషయం క్లుప్తంగా ఇది. విశ్వం ఆరంభమైన సుమారు 3,80,000 ఏళ్లకు విడుదలైన కాంతి నేటికీ సూక్ష్మతరంగాలుగా ఆకాశమంతటా నిండి ఉంది. అది ఎలక్ట్రాన్లను తాకి చెదరినప్పుడు దాని కంపనాలకు ఒక దిశ ఏర్పడుతుంది. దీనినే ధ్రువణం అంటారు. విశ్వం తొలి క్షణంలో లేశమాత్రపు కాలంలోనే మహావేగంతో ఉబ్బిందని ‘ఇన్‌ఫ్లేషన్’ సిద్ధాంతం చెబుతుంది. అదే నిజమైతే, నాటి గురుత్వ తరంగాలు ఈ ధ్రువణంలో సుడివంటి జాడను వదలి ఉండవచ్చు. దక్షిణ ధ్రువం వద్ద నెలకొల్పిన బైసెప్-2 దూరదర్శిని 2010 నుండి 2012 వరకు ఆ జాడనే వెదకింది. 2014 మార్చి 17న అది దొరికిందని హార్వర్డ్‌లో ప్రకటన వెలువడింది. ఆ తరంగాల బలాన్ని తెలిపే నిష్పత్తి 0.20 అన్నారు. లోకమంతా హర్షించింది.

ఏడాది తిరక్కుండానే ఆ హర్షం ఆవిరైంది. మన పాలపుంతలోని ధూళి కణాలు అయస్కాంత క్షేత్రానికి అనుగుణంగా అమరి, అవీ ధ్రువణం గల కాంతినే వెలువరిస్తాయి. బైసెప్-2 చూసింది 150 గిగాహెర్ట్జ్ అనే ఒకే పౌనఃపున్యంలో. అందువల్ల ఏది ధూళి, ఏది ఆదికాంతి అని తనంతట తాను తేల్చలేకపోయింది. ధూళి ప్రకాశించే 353 గిగాహెర్ట్జ్‌లో ప్లాంక్ ఉపగ్రహం కొలతలు అందాక, 2015లో ఇరు బృందాలూ కలిసి లెక్కించి, ఆది తరంగాలకు రుజువు లేదని తేల్చాయి. ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. కొలత తప్పు కాదు. సంకేతం నిజంగానే ఉంది. తప్పు దానిని ఎవరికి ఆపాదించారన్న దానిలోనే ఉంది.

కీటింగ్ ఈ పరిశోధనకు తొలి ఆలోచన చేసినవారిలో ఒకరు. అయినా ప్రకటన వేదికపై ఆయన లేరు. ఆ బాధను దాచుకోలేదు, తన ఆశనూ దాచుకోలేదు. ఈ నిజాయితీయే గ్రంథానికి ప్రాణం. కాని నింద ఎక్కువగా నోబెల్ బహుమతిపై మోపటం నాకు సబబనిపించలేదు. బహుమతి ఆశ తొందరకు కారణం కావచ్చు. ఒక సమావేశంలో ప్రదర్శించిన ప్లాంక్ చిత్రం నుండి ధూళి అంచనా తీసుకోవటానికి అది సమాధానం కాదు. హదీసు పరంపరలో ప్రతి ఉల్లేఖకుని పరీక్షించిన సంప్రదాయం ఎరిగినవారికి, ఇది మధ్యలో ఒక లంకె తెగిన ఉల్లేఖనం వంటిదే.

మనకూ ఇందులో భాగముంది. 1976లో మారిస్ బుకాయ్ గ్రంథం వచ్చిన తరువాత, ప్రతి కొత్త ఆవిష్కరణకూ ఒక ఆయత్ జతచేసే అలవాటు మరింత బలపడింది. అజ్-జారియాత్ 47వ ఆయత్‌ను, అల్-అంబియా 30వ ఆయత్‌ను ఎందరు ఎన్ని విధాల వాడలేదు! 2014 మార్చిలో అలా ముడివేసి ఉంటే 2015లో ఏమి విప్పేవారు? విశ్వాసికి ఆయత్ నిలకడగలది. కొలతకు తనను తాను దిద్దుకోవటమే ధర్మం. ఒకదానిని మరొకదానికి సాక్షిగా నిలబెడితే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

పాలపుంత భూమిపై గాలిపొరల పైభాగపు దృశ్యమని అరిస్టాటిల్ భావించాడు. సుమారు వెయ్యేళ్ల క్రితం ఇబ్నుల్ హైథమ్ దానిని పరీక్షకు పెట్టాడు. చూసే చోటు మారినా నక్షత్రాల నడుమ దాని స్థానం జరగటం లేదు కాబట్టి అది గాలిపొరలకు చెందినది కాదని, బహుదూరానిదని నిర్ణయించాడు. వెలుగు దగ్గరిదా, దూరానిదా అన్నదే ఆనాటి ప్రశ్న, 2014 నాటి ప్రశ్న కూడా అదే.

2021లో అదే దక్షిణ ధ్రువ బృందం పలు పౌనఃపున్యాలతో, ధూళిని వేరుచేసి, ఆ నిష్పత్తి 0.036 కంటే తక్కువని ప్రకటించింది. సరళమైన కొన్ని ఇన్‌ఫ్లేషన్ నమూనాలు దీనితో పడిపోయాయి. మూల సిద్ధాంతం మాత్రం రుజువూ కాలేదు, కొట్టివేయబడనూ లేదు. ఈసారి మద్యపు సీసాలు తెరిచిన చిత్రాలేవీ పత్రికల్లో కనిపించలేదు.